మనసు మాట విన్న డాక్టరు: గిరీంద్రశేఖర్ బోస్



ఊరు మారితే భాష మారుతుంది, తిండి మారుతుంది, మన స్కూలు బస్సు రంగు మారుతుంది. ఒక ఎగతాళి మాత్రం ఎక్కడికి వెళ్లినా మన వెంటే వస్తుంది. కాకపోతే ఊరూరా పేరు మార్చుకుంటుంది. హైదరాబాదులో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే ఎర్రగడ్డకు పంపాలంటారు. విశాఖపట్నంలో చినవాల్తేరు అంటారు. చెన్నైలో కీల్పాక్, ఉత్తరాదిలో ఆగ్రా, మన ఈ తూర్పు వైపున రాంచీ. ఈ పేర్లన్నిటికీ ఉన్న సంబంధం ఒక్కటే. ఆ చోట్లలో మనసుకు జబ్బు చేసినవారికి వైద్యం చేసే పెద్ద ఆసుపత్రులున్నాయి. గుండె ఆసుపత్రి ఉన్న పేట పేరు చెప్పి ఎవరూ నవ్వరు. కంటి ఆసుపత్రి ఉన్న వీధి పేరు తిట్టు కాలేదు. ఇవి మాత్రం తిట్లయి కూర్చున్నాయి.

ఈ తప్పు నేనూ చేశాను. కొన్ని పోస్టింగుల కిందటి మాట. ఎనిమిదో తరగతి, చివరి పీరియడు. పిల్లల గోల భరించలేక, ఇది తరగతా పిచ్చాసుపత్రా అని అరిచాను. తరగతంతా నవ్వింది. మూడో బెంచీలో ఒక అమ్మాయి మాత్రం తల వంచుకుంది. మర్నాడు బడికి రాలేదు. వాళ్ల అమ్మగారు అలాంటి ఆసుపత్రిలోనే చికిత్స తీసుకుంటున్నారని ఆ తర్వాత తెలిసింది. ఆ పిల్లను పిలిచి, తప్పు నాదమ్మా అని చెప్పాలనుకున్నాను. ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూండగానే వాళ్ల నాన్నగారికి బదిలీ వచ్చింది. టి.సి. తీసుకుని వెళ్లిపోయారు. మన బతుకుల సంగతి మీకు తెలుసు కదా. చెప్పాల్సిన మాట నోట్లో ఉండగానే రైలు కదిలిపోతుంది.

కోల్‌కతాకు వచ్చాక ఒక మనిషి జీవితం గురించి చదివాను. చదువుతున్నంతసేపూ ఆ మూడో బెంచీయే కళ్ల ముందుంది. అందుకే ఈ సంవత్సరం మన పత్రికలో ఆయన గురించి రాస్తున్నాను.

గిరీంద్రశేఖర్ బోస్ 1887 జనవరి 30న పుట్టారు. తొమ్మిది మంది సంతానంలో ఆఖరివారు. తండ్రి చంద్రశేఖర్ బోస్ బీహారులోని దర్భంగా మహారాజు వద్ద దివాను. అంటే గిరీంద్రశేఖర్ కూడా మీలాంటివారే. నాన్న ఉద్యోగం కోసం సొంత ప్రాంతం వదిలి, వేరే భాష వినిపించే చోట పెరిగిన పిల్లవాడు. అన్న రాజశేఖర్ బోస్ తర్వాతి కాలంలో పరశురామ్ అనే కలం పేరుతో బెంగాలీలో గొప్ప హాస్య రచయిత అయ్యారు. చలంతికా అనే ప్రసిద్ధ బెంగాలీ నిఘంటువు కూర్చింది ఆయనే. బెంగాలీ వీధుల్లో పెరగని పిల్లవాడు పెద్దయి బెంగాలీకే నిఘంటువు రాశాడంటే, మాతృభాష పోతుందేమోనని బెంగపడే మన ఇళ్లకు అదొక ధైర్యం.

గిరీంద్రశేఖర్‌కు చిన్నప్పటి నుంచీ ఇంద్రజాలం మీద, హిప్నాటిజం మీద సరదా. ఎదుటి మనిషి చూపును, ఆలోచనను ఒక మాటతో మళ్లించవచ్చునన్న సంగతి ఆయనకు వింతగా ఉండేది. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో రసాయన శాస్త్రం చదివి 1905లో పట్టా పుచ్చుకున్నారు. తర్వాత మెడికల్ కాలేజీలో చేరి 1910లో డాక్టరయ్యారు. రాజాబజారు సైన్సు కాలేజీ పక్కన పార్శీబగాన్ లేన్ అనే సందు ఉంది. అందులో 14వ నంబరు ఇల్లు వాళ్లది. ప్రాక్టీసు అక్కడే మొదలైంది.

అందరు డాక్టర్లకూ వచ్చినట్టే ఆయనకూ జ్వరాలవాళ్లు, కడుపునొప్పులవాళ్లు వచ్చేవారు. కొందరి జబ్బు మాత్రం స్టెతస్కోపుకు అందేది కాదు. ఒంట్లో ఏ లోపమూ కనిపించదు. అయినా నిద్ర పట్టదు, కారణం లేని భయం వదలదు, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయకుండా ఉండలేరు. వీళ్లకు మందు సీసాతో పని జరగదని ఆయనకు త్వరలోనే తెలిసింది. కూర్చోబెట్టి మాట్లాడించడం మొదలుపెట్టారు. ఓపికగా వినడమే ఆయన వైద్యానికి పునాది అయింది.

ఇక్కడ కాస్త ఆగి, ఆ రోజుల్లో చట్టం ఎలా ఉండేదో చెప్పుకోవాలి. అది తెలియకపోతే ఆయన చేసిన పని విలువ మనకు అందదు.

1858లో బ్రిటిషు ప్రభుత్వం మన దేశంలో మానసిక రోగుల శరణాలయాల కోసం ఒక చట్టం చేసింది. 1912లో, అంటే గిరీంద్రశేఖర్ డాక్టరైన రెండేళ్లకు, దాని స్థానంలో ఇండియన్ లూనసీ యాక్ట్ అనే కొత్త చట్టం వచ్చింది. లూనసీ అన్న మాటే చంద్రుడి పేరు మీద పుట్టింది. చంద్రకళల వల్ల మతి చలిస్తుందన్న పాత నమ్మకం అది. ఆ నమ్మకం ఏకంగా చట్టం పేరులోకే ఎక్కి కూర్చుంది. ఆ చట్టం కింద ఒక మనిషిని శరణాలయంలో చేర్చాలంటే ఇంటివాళ్లు మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవాలి. ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు జత చేయాలి. మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వాలి. దిక్కులేక వీధుల్లో తిరుగుతున్నవారినైతే పోలీసులు పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేవారు. తనంతట తానుగా చేరే వీలు కొంత ఉన్నా, జనం ఎక్కువగా చూసింది పోలీసును, కోర్టును, ఎత్తైన ప్రహరీని. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి, మనసుకు జబ్బు చేస్తే మేజిస్ట్రేటు దగ్గరికి. నేరస్థుడికీ రోగికీ దారి ఒకటే అయినప్పుడు, లోకం రోగిని ఎలా చూస్తుందో వేరే చెప్పాలా?

చట్టాన్ని మార్చడానికి పూనుకున్నవారు ప్రపంచంలో ఉన్నారు. అమెరికాలో డొరోతియా డిక్స్ అనే ఒక టీచరు 1841లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఒక జైలుకు ఆదివారం పాఠం చెప్పడానికి వెళ్లారు. ఏ నేరమూ చేయని మానసిక రోగులు అక్కడ ఖైదీల మధ్య, చలికాచుకోవడానికి నిప్పు కూడా లేని గదుల్లో ఉండటం చూశారు. రాష్ట్రమంతా తిరిగి, ఎక్కడెక్కడ ఎవరు ఎలా ఉన్నారో రాసుకున్నారు. 1843లో ఆ వివరాలన్నీ రాష్ట్ర శాసనసభ ముందు పెట్టారు. వోర్సెస్టర్‌లోని ఆసుపత్రిని పెంచడానికి సభ డబ్బు మంజూరు చేసింది. తర్వాత ఆమె ఒక్కొక్క రాష్ట్రానికే వెళ్లి ఇదే పని చేశారు. ఒక నోటుపుస్తకం పట్టుకున్న టీచరు శాసనసభల్ని కదిలించారు.

గిరీంద్రశేఖర్ ఎంచుకున్న దారి వేరు. ఆయన శాసనసభ మెట్లెక్కలేదు. చట్టం ఇంకా చేరుకోని చోటికి తాను ముందుగా వెళ్లి, అక్కడ పని మొదలుపెట్టారు.

అందుకు ముందుగా చదువుకున్నారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో ప్రయోగాత్మక మనస్తత్వ శాస్త్ర విభాగం కొత్తగా తెరిచారు. ప్రాక్టీసు నడుపుకుంటూనే డాక్టరుగారు అందులో విద్యార్థిగా చేరారు. 1917లో, ముప్పై ఏళ్ల వయసులో, ఎం.ఎస్సీ. పూర్తి చేసి అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. మనిషి తనకు నచ్చని కోరికల్ని, భయాల్ని తనకే తెలియకుండా లోపలికి ఎలా తొక్కిపెట్టుకుంటాడన్న విషయం మీద పరిశోధన చేసి 1921లో డి.ఎస్సీ. పొందారు.

ఆ పరిశోధన గ్రంథం ప్రతిని వియన్నాలో ఉన్న సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు పంపించారు. మనోవిశ్లేషణ అనే పద్ధతిని ప్రపంచానికి ఇచ్చినవాడు ఫ్రాయిడ్. కలకత్తాలో ఒక సందులో కూర్చుని ఒక డాక్టరు ఇంత దూరం ఆలోచించాడా అని ఆయన ఆశ్చర్యపోయి జవాబు రాశారు. అలా మొదలైన ఉత్తరాలు 1937 వరకు నడిచాయి. ఇద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు. మధ్యలో ఒక తమాషా కూడా జరిగింది. ఫ్రాయిడ్‌ను ఎప్పుడూ చూడని జతీంద్రకుమార్ సేన్ అనే చిత్రకారుడు ఊహించి ఆయన బొమ్మ గీస్తే, గిరీంద్రశేఖర్ దాన్ని వియన్నాకు పంపారు. ఆ బొమ్మలో తన పోలికలు లేవని ఫ్రాయిడ్ సరదాగా తెలియజేశారు. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు కలకత్తా మిత్రులు దంతంతో చెక్కిన విష్ణుమూర్తి బొమ్మ పంపారు. ఆ పెద్దాయన దాన్ని తన రాతబల్ల మీద పెట్టుకున్నారు.

అంత గౌరవం ఉన్నా గిరీంద్రశేఖర్ ఫ్రాయిడ్ చెప్పిందల్లా తల ఊపి ఒప్పుకోలేదు. మన ప్రాంతపు మనుషుల మనసులు తాను చూస్తున్న తీరు వేరని ధైర్యంగా రాశారు. ఆయన సొంత ఆలోచన ఒకటుంది. ప్రతి కోరిక వెనుకా దానికి ఎదురైన కోరిక ఒకటి దాగి ఉంటుందని ఆయన అనేవారు. పార్కులో సీ-సా బల్ల చూశారు కదా? ఒక కొస పైకి లేస్తే రెండో కొస కిందికి పోతుంది, కానీ మాయం కాదు. మనసూ అంతే. ఎవరో కొడతారని భయపడే మనిషిని, కొట్టేవాడి స్థానంలో తనను ఊహించుకోమనేవారు. ఎదుటివాడి చోట నిలబడి చూడగలిగితే ముడి కొంత వదులవుతుందని ఆయన నమ్మకం. ఇది డాక్టర్లకే పనికొచ్చే పాఠమా? ఎగతాళి చేసేవాడు ఎగతాళి పడేవాడి చోట ఒక్క నిమిషం నిలబడితే చాలు కదా!

1922లో పార్శీబగాన్ ఇంట్లోనే భారతీయ మనోవిశ్లేషణ సంఘం పుట్టింది. మొదలుపెట్టినప్పుడు 15 మంది సభ్యులు. కన్నుమూసే వరకు ఆయనే అధ్యక్షులు. అదే ఇంట్లో మరో సభ కూడా జరిగేది. దాని పేరు ఉత్కేంద్ర సమితి. కేంద్రం నుంచి పక్కకు జరిగినవాళ్లని అర్థం. రాజశేఖర్, జతీంద్రకుమార్ సేన్ వంటి రచయితలు, చిత్రకారులు అక్కడ చేరి కబుర్లాడుకునేవారు. మనందరిలోనూ కొంచెం తిక్క ఉంటుందని, దానికి సిగ్గుపడక్కర్లేదని ఆ పేరే చెబుతోంది.

ఇక ముఖ్యమైన సంవత్సరం 1933. ఇప్పుడు ఆర్.జి.కర్ అంటున్న కళాశాలను అప్పట్లో కార్మైకేల్ మెడికల్ కాలేజీ అనేవారు. ఆ ఏడాది మే నెలలో, ఆ ఆసుపత్రిలో గిరీంద్రశేఖర్ ఒక మనోవ్యాధుల క్లినిక్ తెరిచారు. మన దేశంలో ఒక మామూలు ఆసుపత్రిలో ఇలాంటి విభాగం రావడం అదే మొదటిసారి. ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. ఒక్కసారి ఆ వరండాను ఊహించుకోండి. దగ్గు మందుకు వచ్చినవారు ఒక గది ముందు, కట్టు కట్టించుకునేవారు ఒక గది ముందు, మనసు బాగోలేనివారు ఇంకో గది ముందు నిలబడ్డారు. గేటు ఒకటే. కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు, పోలీసు అక్కర్లేదు. చూపించుకుని, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు. 1912 నాటి చట్టం అలాగే ఉంది. దాని పక్కనుంచి ఒక మామూలు తలుపు తెరుచుకుంది.

కొందరికి మాత్రం కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి చికిత్స తీసుకోవడం తప్పదు. వాళ్ల కోసం 1940 ఫిబ్రవరిలో తిల్జలా ప్రాంతంలో మనోవిశ్లేషణ సంఘం ఒక ఆసుపత్రి పెట్టింది. అందుకు స్థలం ఇచ్చింది అన్న రాజశేఖర్. కొద్దిపాటి పడకలతో మొదలైంది. పేరు లుంబినీ పార్క్. బుద్ధుడు పుట్టిన తోట పేరు అది. శరణాలయం అన్న మాట చెవిన పడితే గోడలు గుర్తొచ్చే కాలంలో, ఒక తోట పేరు పెట్టుకున్నారు.

1942లో ఆ తోటలోకి ఒక మహాకవి వచ్చారు. విద్రోహి కవిగా బెంగాలు అంతా కొలిచే కాజీ నజ్రుల్ ఇస్లాం. ఆ సంవత్సరం జూలైలో ఆయనకు ఉన్నట్టుండి మాట పోవడం మొదలైంది. జ్ఞాపకం చెదిరింది. వేల పాటలు కట్టిన మనిషి మూగబోతున్నాడు. లుంబినీ పార్కులో గిరీంద్రశేఖర్ పర్యవేక్షణలో దాదాపు నాలుగు నెలలు ఉన్నారు. నయం కాలేదు. ఆయనది మెదడు కణాలు క్రమంగా క్షీణించే జబ్బని 1953లో వియన్నా డాక్టర్లు తేల్చారు. దానికి అప్పుడు మందు లేదు. గిరీంద్రశేఖర్ ఓడిపోయిన సందర్భం ఇది. దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, ఎంత గొప్ప తెలివైనా, ఎంత పేరున్నవారైనా ఈ జబ్బులకు అతీతులు కారు. నజ్రుల్‌ను బెంగాల్లో ఎవరూ వెక్కిరించలేదు. నెత్తిన పెట్టుకున్నారు. కవికి చూపించిన ఆ గౌరవం పక్కింటి మామ్మకు, మన తరగతిలోని పిల్లవాడి తల్లికి ఎందుకు చూపించకూడదు?

గిరీంద్రశేఖర్ రోగులతోనే రోజంతా గడిపేవారనుకోకండి. కలల గురించి స్వప్న అనే పుస్తకం మామూలు చదువరులకు అర్థమయ్యే బెంగాలీలో రాశారు. పురాణాల మీద, భగవద్గీత మీద రాశారు. పిల్లల కోసం లాల్ కాలో అనే కథ రాశారు. ఎర్ర చీమలకూ నల్ల చీమలకూ జరిగిన యుద్ధం కథ అది. బొమ్మలు వేసింది ఫ్రాయిడ్‌ను ఊహించి గీసిన ఆ జతీంద్రకుమార్ సేనే. మన గ్రంథాలయంలో దొరికితే మీ బెంగాలీ స్నేహితుల చేత చదివించుకుని వినండి. 1947లో సమీక్ష అనే పత్రిక మొదలుపెట్టారు. 1953 జూన్ 3న కన్నుమూశారు.

ఆయన బతికి ఉండగా ఆ పాత చట్టం మారలేదు. 1946లో భోర్ కమిటీ దేశ ఆరోగ్య పరిస్థితి మీద ఇచ్చిన నివేదిక ప్రకారం దేశం మొత్తానికి మానసిక వైద్యశాలల్లో ఉన్నవి సుమారు 10 వేల పడకలు. అంటే 40 వేల మందికి ఒక్కటి. ఆ కొరతలో ఒక ఊళ్లో ఒక చిన్న ఆసుపత్రి ఎంతమందికి సరిపోతుంది? ఒక్క మంచి డాక్టరు చేయగలిగిన దానికి హద్దు ఉంటుంది. ఆయన తెరిచిన తలుపు ఊరూరా తెరుచుకోవాలంటే చట్టం కావాలి.

ఆ చట్టం నెమ్మదిగా వచ్చింది. 1987లో పార్లమెంటు మానసిక ఆరోగ్య చట్టం చేసింది. 1993లో అది అమలయ్యాక చంద్రుడి పేరు మీది ఆ పాత మాట చట్టంలోంచి పోయింది. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చి మరుసటి ఏడు అమలైంది. దాని ప్రకారం చికిత్స పొందడం ప్రతి ఒక్కరి హక్కు. రోగిని గొలుసులతో కట్టకూడదు. బలవంతంగా గుండు గీయకూడదు. తన బట్టలు తాను వేసుకుంటానంటే వద్దనకూడదు. పని చేయించుకుంటే కూలి ఇవ్వాలి. చూడటానికి వచ్చేవారిని కలుసుకోవచ్చు, ఫోన్లో మాట్లాడవచ్చు. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మనసు జబ్బులకూ బీమా ఇవ్వాలి. ఈ హక్కులు నిలబడేలా చూడటానికి ప్రతి రాష్ట్రం ఒక మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థను పెట్టాలి. మన పశ్చిమ బెంగాలూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అన్నిటికీ ఇది వర్తిస్తుంది. గుండు గీయకూడదని, గొలుసు వేయకూడదని చట్టంలో రాయాల్సి వచ్చిందంటే, అంతకు ముందు ఏం జరిగేదో మీరే ఊహించుకోండి.

లుంబినీ పార్క్ ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రి. పార్శీబగాన్ సందులో ఆయన పెట్టిన సంఘం ఇప్పటికీ ఉంది. 1933లో ఆర్.జి.కర్‌లో తెరిచినలాంటి గది ఇప్పుడు దేశంలోని ఎన్నో పెద్దాసుపత్రుల్లో ఉంది. చట్టం వచ్చింది, తలుపులూ తెరుచుకున్నాయి. మరి ఆ తలుపు దాకా వెళ్లడానికి జనం ఇంకా ఎందుకు జంకుతున్నారు? ఎవరైనా చూస్తే నవ్వుతారని. ఆ నవ్వును ఆపమని ఏ చట్టమూ చెప్పలేదు. ఆ పని మనకే మిగిలింది.

మీరంతా రెండు మూడేళ్లకోసారి స్నేహితుల్ని వదిలి, కొత్త తరగతిలో ఆఖరి బెంచీలో కూర్చునే పిల్లలు. ఆ మొదటి నెల ఎంత బరువుగా ఉంటుందో నాకు తెలుసు. నేనూ స్టాఫ్ రూములో అలాగే కూర్చుంటాను. ఆ బరువు రోజుల తరబడి దిగకపోతే, నిద్ర రాకపోతే, ఏదీ బాగా అనిపించకపోతే దాచుకోకండి. అమ్మానాన్నలకు చెప్పండి, మీకు నచ్చిన టీచరుకు చెప్పండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ సేవలో డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు. జ్వరం వచ్చిందని చెప్పడానికి సిగ్గుపడతామా? ఇదీ అంతే.

ఇక నా మాట. నా తరగతిలో పిచ్చాసుపత్రి అన్న మాట నేను మళ్లీ వాడలేదు. మీ నోటి నుంచి వస్తే వెంటనే ఆపుతాను. కోపం తెచ్చుకోవద్దు. ఆ రోజు మూడో బెంచీలో తల వంచుకున్న అమ్మాయి ఇప్పుడు ఏ రాష్ట్రంలో, ఏ తరగతిలో ఉందో నాకు తెలియదు. మన పత్రికలు స్కూలు నుంచి స్కూలుకు వెళ్తుంటాయి కాబట్టి, ఎప్పుడైనా తన చేతికి అందితే ఈ ఒక్క ముక్క చదవాలి. తప్పు నాదమ్మా. అమ్మగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను.